‘అని పోలీసులు తెలిపారు’: ఇసబెల్ అయెండేకు బహిరంగ లేఖ

ఇసబెల్ అయెండే గారికి,

మీ మొదటి నవల ఉత్తరంగానే మొదలైందని చదివాను. 1981 జనవరి 8న కరాకస్‌లో కూర్చుని, చిలీలో చివరి ఘడియల్లో ఉన్న తాతగారికి ఉత్తరం రాయబోతే అది ఎక్కడా ఆగక ‘ది హౌస్ ఆఫ్ ది స్పిరిట్స్’ అయిందట. అప్పట్నుంచీ ఏ పుస్తకమైనా జనవరి 8నే మొదలుపెడతారట. ఉత్తరాలంటే మీకు చులకన ఉండదన్న ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. తెలుగు పత్రికల్లో మీ ఇంటిపేరును ఏళ్ల తరబడి ‘అలెండీ’ అని అచ్చువేశాం. 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్రలో అధ్యక్ష భవనంలో ప్రాణాలు వదిలిన చిలీ అధ్యక్షుడు, మీ పెదనాన్న వరస సాల్వదోర్ గారి పేరూ అలాగే వేశాం. ఇంగ్లిషు అక్షరాలు చూసి పలికితే వచ్చే తప్పు అది. వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఆరేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీ రెండో నవల నన్ను పట్టుకున్నది అక్కడే.

‘ఆఫ్ లవ్ అండ్ షాడోస్’ నాకు హైదరాబాదు ఆబిడ్స్‌లో దొరికింది. ఆదివారం షాపులన్నీ షట్టర్లు దించేసుకుంటే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మార్గరెట్ సేయర్స్ పీడెన్ ఇంగ్లిషు అనువాదం, అట్ట మూల నలిగిన కాపీ, ఇరవై రూపాయలకిచ్చాడు. నాకన్నా ముందు దాన్ని చదివినవాళ్లెవరో పెన్సిల్‌తో గీతలు గీశారు. ప్రేమ గురించిన వాక్యాల కింద మాత్రమే గీతలు. ఒక గనిలో శవాలు దొరికే అధ్యాయం దాకా వచ్చేసరికి గీతలు ఆగిపోయాయి. పుస్తకం మూసేశారో, పెన్సిల్ కింద పెట్టేసి చదివారో తెలియదు.

ఈ లేఖ మీకే అయినా అచ్చయ్యేది తెలుగులో కాబట్టి, నవల చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్పనివ్వండి. ఇరేనె బెల్త్రాన్ కలిగిన ఇంటి పిల్ల, ఆడవాళ్ల పత్రికలో విలేకరి. సైన్యంలో కెప్టెన్‌తో పెళ్లి కుదిరి ఉంది. ఫ్రాన్సిస్కో లెయాల్ ఉద్యోగం పోయిన సైకాలజిస్టు. పొట్టకూటికి కెమెరా పట్టుకుని అదే పత్రికలో చేరాడు. పల్లెలో ఒక రైతు ఇంట్లో ఎవాంహెలీనా అనే పదిహేనేళ్ల పిల్లకు రోజూ మిట్టమధ్యాహ్నం పూనకం వస్తోందని, మహిమలు చూపిస్తోందని తెలిసి ఇద్దరూ ఫొటోలకోసం వెళ్తారు. అదే సమయానికి సైనికులూ వస్తారు. పూనకంలో ఉన్న పిల్ల వాళ్ల లెఫ్టినెంటును ఎత్తి అవతల పడేస్తుంది. ఆ రాత్రి ఆ పిల్ల మాయమవుతుంది. వెతుక్కుంటూ పోయిన ఇరేనె, ఫ్రాన్సిస్కోలకు ఒక పాడుబడ్డ గనిలో ఆమె శవం దొరుకుతుంది. తర్వాత, అంతకు చాలా ముందు మాయమైన మరికొందరి శవాలూ దొరుకుతాయి. అప్పటిదాకా స్నేహితులుగా ఉన్నవాళ్లు గనిని చూసిన రాత్రే ప్రేమికులవుతారు.

ఈ చివరి వాక్యం దగ్గర చాలామంది మొహం చిట్లిస్తారు. శవం దొరికిన రాత్రి ప్రేమేమిటి అంటారు. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే నా డెస్కు దగ్గరికి వెళ్లాలి.

రాత్రి పదిన్నరకు, పేజీలు ప్రెస్సుకు వెళ్లే వేళకు, పోలీసు ప్రెస్‌నోట్ వచ్చేది. ఫలానా అడవిలో గాలింపు జరుపుతున్న బలగాలకు కొందరు ఎదురుపడ్డారు, లొంగిపొమ్మంటే కాల్పులు మొదలుపెట్టారు, ఆత్మరక్షణకోసం పోలీసులు ఎదురుకాల్పులు జరిపారు, ఇద్దరు గుర్తుతెలియని వ్యక్తులు మరణించారు, ఒక తపంచా, రెండు కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం దొరికాయి. ఊరి పేరు, తేదీ మారతాయి. మిగతాదంతా కంఠతా వచ్చేసింది మాకు. వార్త చివర ‘అని పోలీసులు తెలిపారు’ అని ఉండాలి. అది నియమం. కానీ సింగిల్ కాలమ్ వార్తలో చోటు చాలకపోతే ముందు తెగేది ఆ తోకే. కోస్తే ఒకటి రెండు లైన్లు మిగులుతాయి, కింద ధాన్యం ధరలు పడతాయి. తోక తెగ్గానే పోలీసులు చెప్పిన మాట పేపరు చెప్పిన మాట అవుతుంది. తెల్లారి టీకొట్టు దగ్గర చదివేసరికి అదే జరిగిన సంగతి అవుతుంది. అలా ఎన్నిసార్లు కోశానో నాకు లెక్క లేదు. నన్నెవరూ బెదిరించలేదు. నా వెనక సెన్సారు అధికారి నిలబడలేదు. రెండు లైన్లు కావాలి, అంతే.

మీ నవలలో గని కన్నా చాలా ముందే ఒక చిన్న సంగతి ఉంటుంది. బెల్త్రాన్‌ల ఇంట్లో పనిమనిషి రోసాకు పుట్టిన బిడ్డ చనిపోతుంది. పైకప్పు అద్దంలోంచి కింద పడి పోయిందని రోసా చెబుతుంది. పైకప్పు అద్దంలోంచి పసికందు ఎలా పడుతుందని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. తోటలో పాతిపెడతారు. పైన పూలమొక్కలు మొలుస్తాయి. ఇరేనె ఆ మాటను వింటూనే పెరిగింది.

మొదటిసారి చదివినప్పుడు ఇది హాస్యమనుకుని నవ్వి పేజీ తిప్పేశాను. రెండోసారి చదివినప్పుడు నా చేతిలో బ్లూపెన్సిల్ ఉన్నట్టే అనిపించింది. ఈ నవలంతా ఇలాంటి తయారు మాటలతో కట్టారు మీరు. మొదట ఇంట్లో, తర్వాత ఆసుపత్రిలో, ఆ తర్వాత పోలీసు ఠాణాలో. పూనకం వచ్చే ఎవాంహెలీనా తల్లి దిగ్న రాంకిలేయో కాన్పుకు ఆసుపత్రికి వెళ్తే నర్సు వేరే బిడ్డను తెచ్చి ఒళ్లో పెడుతుంది. ఈ బిడ్డ నాది కాదని తల్లి అంటే ఆసుపత్రివాళ్లు ఒప్పుకోరు. కాగితం మీద ఎక్కింది కదా, కాగితమే నిజం. అదే నర్సు అదే రోజు అటువైపు ఫ్లోరెస్ కుటుంబానికి దిగ్న బిడ్డను ఇచ్చింది. ఇద్దరు తల్లులకూ సంగతి తెలుసు. సరిచేసుకునే దారి దొరికేలోపు పెంచిన మమకారం అడ్డొస్తుంది. ఇద్దరు పిల్లలకూ ఒకటే పేరు, ఎవాంహెలీనా. పదిహేనేళ్ల తర్వాత కూతురు ఏదని దిగ్న మళ్లీ అధికారుల గుమ్మం ఎక్కితే, మా దగ్గర అలాంటివాళ్లెవరూ లేరనే జవాబు. ఆసుపత్రిలో విన్నదే ఇప్పుడు యూనిఫాం వేసుకుని వచ్చింది. బిడ్డలు మారిపోవడమనే పాత సినిమా కథను మీరెందుకు తెచ్చారా అని విసుక్కున్నవాణ్ణి నేను. తర్వాత అర్థమైంది, నియంతృత్వం సెప్టెంబరులో ఒక్క మంగళవారంనాడు ఆకాశం నుంచి ఊడిపడలేదని మీరు చెప్పదలిచారు. కాగితానికి ఎదురుచెప్పకూడదన్న అలవాటు అంతకు ముందే ఆసుపత్రిలో, ఇంట్లో పెరిగి సిద్ధంగా ఉంది.

మీరు దేశం పేరు ఎక్కడా రాయలేదు. నియంతను ‘జనరల్’ అని వదిలేశారు. కానీ మూడో భాగానికి ‘తియ్యని మాతృభూమి’ అనే అర్థం వచ్చే రెండు స్పానిష్ మాటలు శీర్షికగా పెట్టారు. అవి చిలీ జాతీయగీతం పల్లవిలోవి. ఆ నియంత పినోచెట్ హయాంలో ఆ గీతానికి సైనికులను పొగిడే మరో చరణం కలిపి పాడించేవారు. పేరు దాచి గుర్తు చెప్పడం అంటే ఇదే. మా పల్లెల్లో భర్త పేరు చెప్పకూడని ఆడవాళ్లు కూడా ఇలాగే చెప్పేవారు. ఆ వరసలో మీరు చిలీని చూపించారు.

అసలు సంగతి చిలీవాళ్లకు తెలిసిందే. 1973 అక్టోబరు 7న శాంటియాగో దగ్గర ఇస్లా దె మైపోలో 15 మంది మగవాళ్లను కారబినేరోస్ పోలీసులు పట్టుకెళ్లారు. వాళ్లలో మౌరేయిరా అనే రైతు, అతని నలుగురు కొడుకులు ఉన్నారు. పదిహేడేళ్ల కుర్రాళ్లూ ఉన్నారు. అయిదేళ్లు ఆ ఇళ్లవాళ్లు ఠాణాలూ ఖైదీలను ఉంచిన స్టేడియమూ శవాగారమూ తిరిగారు. 1978 నవంబరు 30న, చర్చి నడిపిన ‘వికారియా దె లా సొలిదారిదాద్’ పంపగా బిషప్పు, లాయర్లు, ఇద్దరు పత్రికా సంపాదకులు కలిసి లోంకేన్ అనే చోట పాడుబడ్డ సున్నపు బట్టీల దగ్గరికి వెళ్లి చూశారు. లోపల ఎముకలున్నాయి. న్యాయమూర్తి అదోల్ఫో బన్యాదోస్ విచారించారు. పోలీసు అధికారి ఆయన ముందు ఏం చెప్పాడో చదివినప్పుడు చేతిలోది పక్కనపెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పట్టుకున్నవాళ్లను రాత్రి ఆయుధాలు చూపించమని బట్టీల దగ్గరికి తీసుకెళ్తుంటే ఎవరో దాడి చేశారట, కాల్పుల మధ్య ఆ పదిహేను మందీ పోయారట. ఒక్క పోలీసుకూ గాయం లేదు. ఎముకల మీద తూటా గుర్తులు లేవు. ఆ కథ నమ్మశక్యం కాదని బన్యాదోస్ తేల్చి రాశారు.

ఇసబెల్ గారూ, ఆ అధికారి మాటలను నేను తెలుగులో నిద్రలోనైనా రాయగలను. ఎదురుకాల్పులు. అడవి పేరు మార్చితే చాలు. మాకూ 1977లో తార్కుండే కమిటీ అని ఒకటి వచ్చింది. ఎమర్జెన్సీలో గిరాయిపల్లి దగ్గర నలుగురు విద్యార్థులు ‘ఎదురుకాల్పుల్లో’ పోయారన్న కథ లోపలికి వెళ్లి, అక్కడ జరిగింది కాల్చివేత అని బయటపెట్టింది. ఆ రిపోర్టు నేను ఉద్యోగంలో చేరకముందే వచ్చింది. నేను చేరాక కూడా ప్రెస్‌నోట్ మారలేదు.

లోంకేన్ కేసు సైనిక కోర్టుకు వెళ్లింది. 1978 క్షమాభిక్ష చట్టం కింద నిందితులను వదిలేశారు. 1979 సెప్టెంబరులో అస్థికలు ఇస్తామంటే శాంటియాగోలోని చర్చిలో జనం ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఈలోగా వాటిని ఇస్లా దె మైపో శ్మశానంలో సామూహిక గుంటలో పడేశారు. మరుసటేడు ఆ బట్టీలనే డైనమైటుతో పేల్చేశారు. ఎముకలు గుర్తుపట్టి ఇళ్లవాళ్లకు అప్పగించడానికి 2010 దాకా పట్టింది.

మీరు అప్పుడు కరాకస్‌లో ఉన్నారు. 1975లోనే దేశం వదిలారు. ఆ వార్తల కత్తిరింపుల నుంచి 1984లో ఈ నవల వచ్చింది. సున్నపు బట్టీని మీరు గనిగా మార్చారు, ఆ మార్పు గురించి చాలా ఆలోచించాను. సున్నపు బట్టీలు మా ఊరి చెరువు గట్టు మీద కూడా ఉండేవి. బట్టీ పైకి లేస్తుంది, దూరం నుంచి కనిపిస్తుంది. గనిలోకి దిగాలి. దిగాలంటే దీపం కావాలి, రెండో మనిషి కావాలి. చరిత్రలో ఆ బట్టీల దగ్గరికి ఒక బృందం వెళ్లింది. నవలలో ఇద్దరు వెళ్తారు. ఈ మార్పుతోనే మీ ప్రేమకథకు పని దొరికింది. ఒకరు లైటు పట్టుకుంటే ఒకరు రాళ్లు తొలగించాలి. ఒకరు వాంతి చేసుకుంటే ఇంకొకరు నిలబడాలి. ఆ వాసన తగిలాక ఆ ఇద్దరిలో ఎవరూ రెండోవారితో తయారు మాట మాట్లాడలేరు. ‘ఏదో జంతువు చచ్చి ఉంటుందిలే’ అనలేరు. ఆ రాత్రి వాళ్లు దగ్గరవడం నాకిప్పుడు ఎబ్బెట్టుగా లేదు. లోకంలో తామిద్దరే ఒకరితో ఒకరు అబద్ధం చెప్పుకోలేని స్థితిలో ఉన్నారు.

ఇరేనెకు కుదిరిన పెళ్లికొడుకు, కెప్టెన్ గుస్తావో మొరాంతెను చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ‘మృత్యువు పెళ్లికొడుకు’ అని ఇరేనె అతనికి ముద్దుపేరు పెట్టింది. మంచివాడే. నిటారైన మనిషి. ఆమెను నిజంగానే ప్రేమించాడు. కానీ అతని దగ్గర ఉన్న మాటలన్నీ బ్యారక్‌లో ఇచ్చినవే: కర్తవ్యం, గౌరవం, దేశం. ఇరేనె అతన్ని మోసగించిందని కొందరంటారు గానీ, ఆ మాటలతో ఆమె గని గురించి అతనికి ఎలా చెప్పగలదు? చివరికి, ఇరేనె మీద తూటాలు పేలాక, ఆ కెప్టెన్ తన కళ్లతో తను చూడటం మొదలుపెడతాడు. సైన్యంలోనే తిరుగుబాటుకు ప్రయత్నించి దొరికిపోయి చస్తాడు. నవల మొత్తంలో ఎక్కువ దూరం నడిచినవాడు అతనే. అతనికి మీరు తక్కువ చోటే ఇచ్చారు. నేను డెస్కులో ఉంటే మీ వెన్నెల వర్ణనలు నాలుగు కోసి అతనికి రెండు పేజీలు ఇచ్చేవాణ్ణి. అలవాటు పోలేదు, ఏం చేయను.

వర్ణనల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇరేనె, ఫ్రాన్సిస్కో ఒంటరిగా ఉన్నచోట మీ వాక్యాలు బరువెక్కుతాయి. విశేషణం మీద విశేషణం. అనువాదం తప్పేమో అనుకున్నాను. కానీ అదే అనువాదకురాలి చేతిలో సార్జెంటు ఫౌస్తీనో రివేరాను కూర్చోబెట్టి మాటల్లోకి దింపి, దాచిన టేపురికార్డరులోకి నిజం రాబట్టే దృశ్యం ఎంత పొదుపుగా ఉందో! అతను తినడం, తాగడం, మధ్యలో చుట్టూ చూసుకోవడం. ఆ తర్వాత అతన్ని వాహనం తొక్కించి చంపడం. అక్కడ ఒక్క మాట ఎక్కువ లేదు. భయాన్ని రాసేటప్పుడు మీ చెయ్యి ఎంత తేలిగ్గా ఉంటుందో ప్రేమను రాసేటప్పుడు అంత ఉండదు. నా కాపీలో పెన్సిల్ గీతలున్నవి మాత్రం బరువైన వాక్యాల కిందే. కాబట్టి నా రుచిని పట్టించుకోనక్కర్లేదు, గిరాకీ వాటికే ఉంది.

ఎవాంహెలీనా పూనకం గురించి రాయకపోతే తెలుగువాణ్ణి కాను. ఇంగ్లిషులో మీ నవల మీద రాసినవాళ్లు ఆ ఘట్టాన్ని మ్యాజిక్ రియలిజం కింద వేసి గార్సియా మార్క్వెస్ పక్కన పెట్టి వెళ్లిపోతారు. మాకు ఇందులో మ్యాజిక్ ఏమీ కనిపించదు. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్లొద్దని, గాలి సోకుతుందని చెప్పిన అమ్మమ్మల చేతుల్లో పెరిగాం. జాతరలో పూనకం వచ్చిన ఆడమనిషి ఊరి మునసబును ‘ఏరా’ అంటుంది. మామూలు రోజు ఆయన ఎదురొస్తే చెప్పులు చేతబట్టుకుని పక్కకు తప్పుకునే మనిషే. ఆ పూటకు ఆయన చేతులు కట్టుకుని నిలబడి, తప్పయింది తల్లీ అనాలి, నిమ్మకాయ కోయించాలి, సాక పోయించాలి. ఊరు ఆమెకు ఇచ్చిన గంట అది. మునసబుకు ఆ మర్యాద తెలుసు. లెఫ్టినెంటు రమీరెస్‌కు తెలియదు. పదిహేనేళ్ల పిల్ల, తన సైనికుల ముందు, తనను గుడ్డపీలికలా ఎత్తి పారేసింది. మర్నాటి పూనకం దాకా కూడా ఆగలేకపోయాడు. ఊరి పెత్తనానికీ బ్యారక్ పెత్తనానికీ తేడా ఆ ఒక్క రాత్రిలో ఉంది. మా జాతరలు గొప్పవని చెప్పడం నా ఉద్దేశం కాదు. తెల్లారి ఆ ఆడమనిషి మళ్లీ చెప్పులు చేతబట్టుకునేది.

మిట్టమధ్యాహ్నమే ఎందుకు? నీడ కాళ్ల కిందికి వచ్చేసే వేళ అది. మీ శీర్షికతో కలిపి చూస్తే ఆ గడియ మీరు ఊరికే ఎంచుకోలేదనిపిస్తుంది. రోజుకు ఒక్కసారి, ఎక్కడా నీడ లేని వేళ, ఆ ఇంట్లో ఏదో బయటికి తన్నుకొస్తుంది. మారిపోయిన బిడ్డ, ఎవరూ ఒప్పుకోని తప్పు, అన్న అని పిలిచే ప్రదేలియోకు ఆమె మీదున్న చెప్పుకోలేని ప్రేమ.

అన్నట్టు మీ శీర్షిక. స్పానిష్‌లో ‘సొంబ్రా’ ఏకవచనం. ప్రేమ ఒకటి, నీడ ఒకటి. ఇంగ్లిషులోకి వచ్చేసరికి నీడలయ్యాయి. తెలుగులో పెట్టాలంటే మరో చిక్కు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో బతికేవాళ్లకు నీడంటే భయం కాదు. గూడూ నీడా అంటాం, నీడపట్టున కూర్చోమంటాం, దిక్కులేనివాడికి నీడనిచ్చాడని పొగుడుతాం. ‘ప్రేమా నీడా’ అని పెడితే తెలుగు పాఠకుడు ఎవరో పెద్దాయన ఎవరినో చేరదీసిన కథ అనుకుంటాడు. ‘చీకటి’ అనాలి కాబోలు. కానీ నవలను మళ్లీ తిరగేస్తే, తెలుగు అర్థం కూడా అందులో ఉందనిపించింది. కార్డినల్ ఆధారాలను తీసుకుని దాచిన నీడ. వంటింట్లో కరపత్రాలు అచ్చువేస్తూ, స్పెయిన్ నియంత ఫ్రాంకో బతికుండగా మేజోళ్లు తొడగనని ఒట్టుపెట్టుకున్న ఫ్రాన్సిస్కో తండ్రి ప్రొఫెసర్ లెయాల్ ఇంటి నీడ. చివర్లో తూటా గాయాలతో ఉన్న ఇరేనెను కొండల మీదుగా సరిహద్దు దాటించినవాళ్ల నీడ. మనుషులను మాయం చేసేదీ, దాచిపెట్టి కాపాడేదీ ఒకే మాటతో చెప్పే భాష నాది. ఆ శీర్షిక తెలుగులో అనువాదకుణ్ణి ఏడిపిస్తుంది గానీ, నవలకు అన్యాయం చెయ్యదు.

ఇక నా ఫిర్యాదు. ప్రేమ ఎక్కువైందని కాదు. మాయమైన పిల్ల, రాంకిలేయోల ఇంట్లో పెరిగిన ఎవాంహెలీనా, తనంతట తాను ఒక్క ముక్క ఆలోచించినట్టు నాకు కనిపించలేదు. ఇరేనె చూస్తుంది, ఫ్రాన్సిస్కో ఫొటో తీస్తాడు, తల్లి ఏడుస్తుంది, ప్రదేలియో కొండల్లో కుములుతాడు, లెఫ్టినెంటు చంపుతాడు. ఆ పిల్ల మాత్రం మిట్టమధ్యాహ్నం మూర్ఛపోవడానికీ గనిలో దొరకడానికీ మధ్య ఎక్కడా లేదు. మా ప్రెస్‌నోట్‌లో ‘గుర్తుతెలియని వ్యక్తి’ కూడా ఇలాగే ఉంటాడు. పేరు మీరు ఇచ్చారు, అంతే తేడా. ఇది కావాలని చేసిన మౌనమని వాదించవచ్చు. వాదించాను కూడా, నాతో నేను, రెండు మూడేళ్లు. ఒప్పుకోలేకపోయాను.

కానీ మీకు ఈ సంగతి తెలుసని నాకనిపిస్తుంది. తెలియకపోతే రెండో ఎవాంహెలీనా ఉండేది కాదు. ఫ్లోరెస్‌ల ఇంట్లో పెరిగిన పిల్ల. దిగ్న కన్న బిడ్డ. తండ్రినీ నలుగురు అన్నలనూ పట్టుకెళ్తుంటే చూసిన పిల్ల. మౌరేయిరా కుటుంబాన్ని మీరు పెట్టింది ఆ ఇంట్లోనే. విచారణలో నిలబడి, తీసుకెళ్లినవాళ్లను ఆమె గుర్తుపట్టి చూపిస్తుంది. ఆ తర్వాత ఆమెకూ దేశం మిగలదు. పరాయి దేశాల్లో వేదికలెక్కి తనవాళ్ల సంగతి చెప్పే పని మిగులుతుంది. ఆ జీవితమంతా మీరు కొన్ని వాక్యాల్లో ముందుకు తోసేసి చెప్పి, మళ్లీ ఇరేనె మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

ఎవాంహెలీనా అంటే సువార్త తెచ్చేది అని అర్థం కదా. మా కోస్తా పల్లెల్లో క్రైస్తవుల ఇళ్లలో సువార్తమ్మ అన్న పేరు ఉంటుంది. పొలం పనికి పోయే సువార్తమ్మలు, ఆసుపత్రిలో ఆయాలుగా చేసే సువార్తమ్మలు. మీ రెండో సువార్తమ్మ ఎక్కడికి వెళ్లింది? స్విట్జర్లాండులోనో స్వీడన్‌లోనో ఏదో హాల్లో, మైకు ముందు, అదే సంగతి ఎన్నోసారో చెబుతున్నప్పుడు ఆమె వాక్యాలు కూడా అరిగి తయారు మాటలు కాలేదా? సాక్ష్యాన్ని పదే పదే చెప్పాల్సినవాళ్లకు అది పెద్ద బాధ అని నాకు తెలుసు. మా దగ్గరా కొడుకుల ఫొటోలు పట్టుకుని ప్రెస్‌క్లబ్ మెట్లు ఎక్కే తల్లులున్నారు. నాలుగోసారికి వాళ్లకే తెలుస్తుంది, ఎక్కడ ఏడిస్తే కెమెరాలు దగ్గరికొస్తాయో. దాన్ని నటన అని వెక్కిరించిన కుర్ర రిపోర్టర్లను చూశాను. ఆ తల్లికి రాత్రి హాస్టల్ గదికి వెళ్లాక ఏమనిపిస్తుందో ఎవరూ రాయలేదు. మీ రెండో సువార్తమ్మకు ప్రేమ దొరికిందా? దొరికితే, ఆ మనిషి దగ్గరైనా సాక్ష్యం చెప్పకుండా ఉండగలిగిందా, లేక నిద్రలో కూడా తేదీలు చెబుతూ ఉండేదా? పినోచెట్‌ను 1998 అక్టోబరులో లండన్‌లో అరెస్టు చేసిన రోజు ఆమెకు ఎన్నేళ్లు? ఏ దేశపు వంటింట్లో ఆ వార్త వింది? 2006లో ఏ శిక్షా పడకుండానే అతను చచ్చిపోయినప్పుడు?

ఇవి నవలా రచయిత్రి తప్ప ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్నలు. మీరు కల్పించిన మనిషి కాబట్టి మీ దగ్గరే అడుగుతున్నాను. రచయితను ఫలానాది రాయమనడం మర్యాద కాదని తెలుసు. డెస్కువాడికి మర్యాద తక్కువ అనుకోండి.

నా పాత కాపీని ఈమధ్య మళ్లీ తిరగేశాను. పెన్సిల్ గీతలు ఆగిపోయిన పేజీ నుంచి నేను మొదలుపెట్టాను, నీలం రంగుతో. ఫ్లోరెస్ పిల్ల పేరు వచ్చిన ప్రతిచోటా కింద గీత పెట్టుకుంటూ వెళ్లాను. చాలా కొద్ది గీతలే పడ్డాయి. చదవడం అయ్యాక మార్జిన్‌లో ‘మిగతాది ఎక్కడ?’ అని రాశాను. వార్త సగంలో తెగి వస్తే కాపీ మీద మేం అలాగే రాసి రిపోర్టరుకు వెనక్కి పంపేవాళ్లం.

అదే ఇప్పుడు మీకు పంపుతున్నాను. జనవరి 8కి ఇంకా టైముంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్‌ఎడిటర్,
హైదరాబాదు